తెమ్మెరకోన పొలుసులమ్మ తల ఎత్తిన చోటు

మదనపల్లె నుంచి కొండదారి పట్టి వచ్చే బస్సు తెమ్మెరకోనలో ఆగగానే భక్తులకు మొదట చలిగాలి, ఆ వెంటనే పేడ వాసన తగులుతాయి. రెండూ అమ్మవారి సన్నిధికి దారి చూపేవే. గాలికి ఎదురు నడిచి, వాసన వచ్చే వైపు తిరిగితే శ్రీ పొలుసులమ్మ తల్లి ఆలయం కనిపిస్తుంది. ఆలయానికి ఎడమ పక్క పశువుల కొట్టం, కుడి పక్క గడ్డివామి ఉన్నాయి. ఇంత మంచి కొండ మీద, ఇన్ని మంచి చోట్లు ఉండగా, అమ్మవారు కొట్టానికీ వామికీ నడుమ ఎందుకు వెలసిందని అడగని భక్తుడు లేడు. అడిగినవారికి ధర్మకర్తల కుటుంబం వారు సమాధానం చెప్పరు. ఎందుకు చెప్పరో ఈ పుస్తకం చదివితే తెలుస్తుంది.

గర్భగుడిలో విగ్రహం లేదు. నేలలో ఒక మొక్క ఉంది. అది నడుమెత్తు పెరుగుతుంది. ఆకులు విభూతి పూసుకున్నట్టు తెల్లగా, అంచులు చీలి, కొసలు గుచ్చుకొనేలా ఉంటాయి. చలికాలంలో దాని కొమ్మల చివర పిడికిలంత మొగ్గలు వస్తాయి. చేప ఒంటి మీద పొలుసుల్లా రేకు మీద రేకు కప్పుకొని ఉంటాయి. పట్నం నుంచి వచ్చేవారు దీన్ని ఆర్టిచోక్ అంటారు. ఇక్కడ పొలుసుమొగ్గ అంటే చాలు. మొక్కకు ఎండా వానా కావాలి కనుక గర్భగుడికి కప్పు వేయలేదు. గుమ్మం పైన రెండు నియమాలు రాసి ఉన్నాయి. ఒకటి, చెప్పులు బయట విడవవలెను. రెండు, లోపల కలలు చెప్పరాదు.

పూర్వం ఇక్కడ ఏ అమ్మవారూ లేదు. జాతర వస్తే తెమ్మెరకోన వారు పొరుగున ఉన్న బోయలగుట్టకు వెళ్ళి అందరికన్నా వెనక నిలబడేవారు. పొంగలి వీరి దాకా వచ్చేసరికి గిన్నెలో అడుగంటిన మాడు మిగిలేది. మనవాళ్ళు దాన్నే తిని, చాలా బాగుందని చెప్పి వచ్చేవారు. ఊరికి ఒక అమ్మవారు ఉండాలన్న కోరిక ఆ మాడులోంచే పుట్టింది.

ఆ రోజుల్లో కొండ కొమ్మున దొరల వేసవి బంగళా ఉండేది. అందులో తోటమాలి నరసప్ప. దొరలు తమ దేశం వెళ్ళిపోయాక తోటకు దిక్కు లేకపోయింది. ఊరి మేకలు పడి గులాబీలను, క్యాబేజీలను, చివరికి కిటికీ పరదాలను కూడా మేశాయి. ఈ ఒక్క మొక్క దగ్గర మాత్రం వాసన చూసి వెనక్కి తిరిగాయి. తెమ్మెరకోన మేక వద్దనుకున్న వస్తువు అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. అమ్మవారి తొలి మహిమ ఇదేనని పెద్దలు తర్వాత తేల్చారు. నరసప్ప అవేమీ తేల్చకుండా, మూడు పిలకలను తడిగోనెలో చుట్టి తెచ్చి తన పెరట్లో నాటాడు. మరుసటి ఏడు కాలం చేశాడు. భార్య చౌడక్కకు ఆయన వదిలివెళ్ళినవి ఆ పెరడు, ఆ మూడు దుబ్బులు.

చౌడక్క వాటిని ఆయన చెప్పినట్టే పెంచింది. దుబ్బుకూ దుబ్బుకూ నడుమ మూడు మూరల ఎడం. మాగిన పేడ ఎరువు, పైన గుప్పెడు బూడిద. మొదటి ఏడు మొగ్గ కోసం తొందరపడకూడదు. రెండో ఏడు మొగ్గ గట్టిగా, రేకులు ముడుచుకొని ఉండగానే కోయాలి. విచ్చుకోనిస్తే ఊదారంగు పువ్వవుతుంది, చూడటానికి బాగుంటుంది, తినడానికి పనికిరాదు. పేనుబంక పడితే చల్లటి నీళ్ళు విసిరి కొట్టి, ఆకుల అడుగున బూడిద చల్లాలి. ఎండలు ముదరగానే మొక్కను నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున కోసేసి, మోడు మీద వేరుశనగ పొట్టు కప్పి వదిలేయాలి. చూసేవారికి చచ్చిపోయినట్టు ఉంటుంది. తొలకరి పడ్డాక దానంతట అదే తల ఎత్తుతుంది.

మొగ్గను ఉడికించి, ఒక్కో రేకూ తీసి, అడుగున ఉన్న కండను పళ్ళతో గీరుకొని తినాలి. చివర నూగు తీసేస్తే లోపల గుండె ఉంటుంది. తిన్నాక తాగిన నీళ్ళు తియ్యగా ఉంటాయి. ఊళ్ళో మగవాళ్ళు, ముళ్ళకంప ఉడకబెట్టి తింటోందని చౌడక్కను ఎగతాళి చేసేవారు. వారి భార్యలు వెనక కంచె సందులోంచి వచ్చి తిని, నీళ్ళు తాగి, మూతి తుడుచుకొని వెళ్ళేవారు. అడిగినవారికి ఆమె కార్తీకంలో పిలక తీసి ఇచ్చేది. ముగ్గురు తీసుకున్నారు. ఇద్దరు పొట్టు కప్పడం మరిచి ఎండకు పోగొట్టుకున్నారు. మూడో ఆవిడ మునసబు చిన్నపరెడ్డి భార్య గురమ్మ. ఆమె ఆ పిలకను ఎక్కడ నాటిందో ఎవరికీ చెప్పలేదు.

చిన్నపరెడ్డి గొప్ప మనిషి. ఆయనే ఆ మాట చెప్పేవాడు కనుక అనుమానం అక్కర్లేదు. కొండ ఊట కాలువ చౌడక్క పెరట్లోకి వచ్చి, అక్కడినుంచి ఆయన మడికి పోయేది. తన నీళ్ళు ఒక తోటమాలి పెండ్లాం దాటిస్తే తనకు రావడం ఆయనకు మింగుడు పడలేదు. పెరడు ఇమ్మని మూడుసార్లు అడిగించాడు. మూడుసార్లూ చౌడక్క ఒకే మాట చెప్పి పంపింది. ఆ మాటను ఆలయ పుస్తకంలో అచ్చు వేయలేము.

చైత్రమాసంలో ఒక రోజు చిన్నపరెడ్డికి కల వచ్చింది. పుణ్యపురుషులకు తెల్లవారుజామున వస్తుందంటారు. ఆయనకు మధ్యాహ్నం, రెండు సంగటి ముద్దలు తిన్నాక వచ్చింది. ఒళ్ళంతా పొలుసులున్న తల్లి కనబడి, చౌడక్క పెరట్లో వెలుస్తానని చెప్పిందట. సాయంత్రానికల్లా ఊరంతా చావడి దగ్గర చేరింది. అమ్మవారు దొరికిందన్న సంతోషంలో కొందరు ఆడవాళ్ళు అప్పుడే పొంగలి గిన్నెలు తోముకొని వచ్చారు. పెరడు పోతే చౌడక్క ఎక్కడ బతుకుతుందన్న ఆలోచన గిన్నెలు తోమేటప్పుడు ఎవరికీ రాలేదు.

చౌడక్క వచ్చి చావడి మెట్టు మీద నిలబడింది. "రెడ్డన్నా, నా పెరడు కావాలంటే అమ్మ నా కలలోకి రావాల గదా. నీ కలలోకి యాల వచ్చింది? దావ తప్పిందా?" అని అడిగింది.

"అందరి కండ్లకూ అమ్మ కనబడదు చౌడక్కా."

"పొద్దున లేస్తే దాని మొగం చూసేది నేను. నీళ్ళు పోసేది నేను. నీకు కనబడిందా?"

పూజారి తిరుమలప్ప మెత్తని మనిషి. ఎవరు గట్టిగా మాట్లాడితే వారిది న్యాయంగా తోస్తుంది ఆయనకు. పెరడు పెద్దది కదా, అమ్మ ఏ మూల వెలుస్తుందో గుర్తు కావాలి కదా అని అడిగాడు. చిన్నపరెడ్డి ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాడు. చౌడక్క దుబ్బులు కోసి పొట్టు కప్పి నెల కూడా కాలేదు. ప్రతి ఏటా అవి తొలకరికి లేస్తాయని ఆయనకు తెలుసు. ఆ మొక్క ఊళ్ళో మరెక్కడా లేదనీ తెలుసు.

"తొలకరికి నేను యాడ తల ఎత్తితే అదే నా చోటు అనింది అమ్మ. ఆ చోటు మీద ఇంగ ఎవరికీ హక్కు లేదు. అడ్డం చెప్పినోళ్ళు ఊర్లో ఉండగూడదు," అన్నాడు. చివరి మాట అమ్మ చెప్పిందా, ఆయన కలిపాడా అన్నది నేటికీ తేలలేదు.

చౌడక్క ఆడవాళ్ళ గుంపులో ఉన్న గురమ్మ వైపు ఒకసారి చూసింది. గురమ్మ చూపు నేల మీద ఉంది.

"యాడ తల ఎత్తితే ఆడనేనా?"

"ఆడనే."

"సామీ, ఈ మాట రాయి. రెడ్డన్న చేత చేవ్రాలు పెట్టించు. కల మళ్ళీ మారిపోతాది."

తిరుమలప్ప రాశాడు. చిన్నపరెడ్డి చేవ్రాలు చాలా అందంగా ఉంటుందని పేరు. ఆ రోజు మరీ అందంగా పెట్టాడు. ఆ కాగితం నేటికీ ఆలయంలో అద్దం కట్టి ఉంది, భక్తులు చూడవచ్చు.

మరునాడు పొద్దున చౌడక్క గడ్డపార తీసుకొని పెరట్లోకి దిగింది. అమ్మను పెరుకుతోందని అరుస్తూ ఊరు కంచె చుట్టూ మూగింది. చౌడక్క తల ఎత్తకుండానే, "అమ్మ తొలకరికి వస్తాననింది గదా. ఇప్పుడు ఇక్కడ ఉండేది నా మొగుడు నాటిన గడ్డ. నా మొగుని గడ్డ పెరుక్కోవడానికి నేనెవరినీ అడగను," అంది. చిన్నపరెడ్డి నవ్వాడు. వేరుముక్క ఒక్కటి మిగిలినా చాలు, మొలుస్తుంది.

ఆ సంగతి చౌడక్కకు ఆయనకంటే బాగా తెలుసు. మూడు గుంతల మట్టినీ తవ్విపోసి జల్లెడ పట్టింది. వేలెడు వేరు కూడా విడవలేదు. మొదటి రెండు దుబ్బులూ గబగబా పెరికింది. మూడోది నరసప్ప చివరగా నాటినది. దాని దగ్గర కాసేపు చతికిలబడి కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. కంచె దగ్గరి వారు చెమట అనుకున్నారు, అనుకోనివ్వండి. ఆ తర్వాత లేచి దాన్నీ పెరికి, గుంతల్లో మరిగే గంజి పోసి, గడ్డపార కడిగి గోడకు ఆనించింది. పెరడు నిలవాలంటే మొక్క పోవాలని ఆమె తేల్చుకుంది. గురమ్మ పిలక బతికి ఉందో లేదో ఆమె అడగలేదు. అడిగితే గురమ్మ అబద్ధమో నిజమో చెప్పాల్సి వస్తుంది. మునసబు ఇంట్లో రెండూ కష్టమే.

తొలకరి పడింది. చిన్నపరెడ్డి రోజూ పొద్దున గొడుగు వేసుకొని చౌడక్క కంచె మీదుగా తొంగి చూసేవాడు. చౌడక్క గుమ్మంలో కూర్చొని రాగులు చెరుగుతూ ఉండేది. "వచ్చినాదా అన్నా అమ్మ?" అని అడిగేది. ఆయన గొడుగు తిప్పుకొని వెళ్ళిపోయేవాడు. మొదటి వారం గరిక మొలిచింది. రెండో వారం తోటకూర మొలిచింది. అమ్మ జాడ లేదు. ఊళ్ళో గిన్నెలు మళ్ళీ అటకెక్కాయి. మునసబు కొత్త కల కనడానికి మధ్యాహ్నం పూట ముద్ద ఎక్కువ తింటున్నాడని వంటింటి కబురు.

పదిహేనో రోజు పొద్దున మునసబు ఇంటి వెనకనుంచి పళ్ళెం మోత వినిపించింది. ఊరు పరిగెత్తింది. కొట్టానికీ గడ్డివామికీ నడుమ, పేడదిబ్బ పక్కన, చిన్నపరెడ్డి పుట్టిన నాటినుంచీ కాలు పెట్టని చోట, వేరుశనగ పొట్టును చీల్చుకొని విభూతి రంగు ఆకులు నాలుగు పైకి లేచి ఉన్నాయి. చుట్టూ ముగ్గు ఉంది. ఆకులకు పసుపు, కుంకుమ పెట్టి ఉన్నాయి. గురమ్మ పళ్ళెం కొడుతూ కూర్చొని ఉంది.

చిన్నపరెడ్డి కొడవలి పట్టుకొని వచ్చాడు. గురమ్మ లేవలేదు.

"నీకు కలలో చెప్పింది ఈ అమ్మే గదా. చెప్పిన మాట నిలబెట్టుకొని మనింటికే వచ్చింది. అడ్డం చెప్పినోళ్ళు ఊర్లో ఉండగూడదన్నావు. ఏ ఊరికి పోతావో చెప్పు, మూట కడతా," అంది.

ఇరవై ఏళ్ళ కాపురంలో గురమ్మ అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే మొదలు. అమ్మవారి రెండో మహిమ ఇదేనని ఆడవాళ్ళు ఒప్పుకొన్నారు.

చిన్నపరెడ్డి మాట మెత్తబరిచి, నిన్న మధ్యాహ్నం అమ్మ మళ్ళీ కనబడి స్థలం మార్చమని చెప్పిందని మొదలుపెట్టాడు. జనం వెనకనుంచి చౌడక్క వచ్చి గురమ్మ పక్కన నిలబడింది. "కలలు చాలు రెడ్డన్నా. ఇప్పుడందరం మేలుకోనే ఉండాం," అంది. తిరుమలప్ప కాగితం తీసి చదివాడు. ఆ రోజు గట్టిగా మాట్లాడేవారు ఇటు పక్క ఉన్నారు కనుక ఆయన గొంతు కూడా స్పష్టంగా ఉంది. ఊరు ఎన్నేళ్ళనుంచో ఎదురుచూసిన అమ్మవారు పేడదిబ్బ పక్కన దొరికితే, చోటు బాగాలేదని వదులుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు. ఆ సాయంత్రమే పొంగలి పెట్టారు. మాడు కూడా మిగలలేదు.

ధర్మకర్తృత్వం మునసబు వంశానికే దక్కింది. కొడవలి మాత్రం ఆ ఇంటి కోడళ్ళకే దక్కింది. నేటికీ చైత్రంలో వారే మొక్కను నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున కోసి పొట్టు కప్పుతారు. దీన్ని అమ్మ పడక అంటారు. తొలకరి తర్వాత ఆకు కనబడిన పొద్దున పళ్ళెం మోగిస్తారు. అదే ఇక్కడ జాతర. బోయలగుట్ట వారు వచ్చి వెనక నిలబడతారు. వారికి మాడు పెట్టరాదని గురమ్మ చేసిన కట్టడి, నేటికీ పాటిస్తున్నారు. ప్రసాదంగా ఉడికించిన రేకు ఇస్తారు. పళ్ళతో గీరి తిని, తర్వాత తీర్థం తీసుకోవాలి. తీర్థం తియ్యగా ఉండటం అమ్మ మహిమ అని పూజారులు, మొగ్గ గుణమని చౌడక్క పెరడు చూసుకొనేవారు అంటారు. భక్తులు ఏదైనా నమ్మవచ్చు, తీపి తగ్గదు.

కార్తీకంలో పిలకలు పంచుతారు. మరీ వేడి, మరీ మంచు లేని ఊళ్ళవారు తీసుకువెళ్ళి పెరట్లో నాటుకోవచ్చు. నీరు నిలవని నేల చూసుకోవాలి. మొదటి ఏడు ఓపిక పట్టాలి. ఎండాకాలం కోసిన మోడును చూసి చచ్చిందని పీకేసినవారు అమ్మను నిందించరాదు.

మొదటి పిలక మాత్రం ఎవరికీ ఇవ్వరు. ఆ మొదటి ఏడు గురమ్మ దాన్ని తడిగోనెలో చుట్టి తన చేతులతో మోసుకెళ్ళి, నరసప్ప నాటిన మూడో గుంతలో చౌడక్క చేత నాటించింది. ఆ ఇంటి కోడళ్ళు నేటికీ ప్రతి ఏటా అలాగే మోసుకెళ్ళి నాటిస్తారు. ఆలయం నుంచి ఊట కాలువ వెంట నడిస్తే ఆ పెరడు వస్తుంది. నీళ్ళు ఇప్పటికీ ముందు అందులోకి వచ్చి, తర్వాతే మునసబు గారి మడికి పోతాయి. కంచెకు ఒక పలక ఉంది. దాని మీద, "ఇది గుడి స్థలం కాదు. చౌడక్క పెరడు," అని రాసి ఉంది.

భూమి తగాదాల్లో నలిగినవారు, తమ పొలం చెక్క మీద ఇంకొకరి కన్ను పడినవారు, ఆలయంలో దండం పెట్టుకున్నాక తప్పక ఇక్కడికి వచ్చి ఆ పలకను తాకి వెళతారు. తాకినవారి గట్టు జరగదని నమ్మకం. పలకను తాకవచ్చు. కంచె దాటరాదు.