ప్లగ్గు ముందు కన్ను

ప్లగ్గు కదలనంటే కదలనంది. తాతారావుకి ఒళ్ళు మండిపోతోంది.

భీమిలి రేవు దగ్గర, డైవర్ల సామాను బాగుచేసే రేకుల షెడ్డు అది. గాలి సిలిండరు నెత్తిన బిగించే రెగ్యులేటరుకి, వాడని రంధ్రాలు మూయడానికి మరలున్న చిన్న చిన్న ప్లగ్గులుంటాయి. వాటిలో ఒకటి గాలి వదులుతోంది. ఊడదీసి, లోపలి రబ్బరు రింగు మార్చేస్తే సరి. ఏడాదిగా ఇదే పని, ఎన్ని మార్చలేదు!

కానీ ఇవాళ్టి సంగతి వేరు. పొద్దున్నే పడవ తిరగబడి ఒక మనిషి గల్లంతయ్యాడు. వెతకడానికి దిగాల్సిన డైవరు ఈ సామాను కోసమే ఒడ్డున కాచుక్కూచున్నాడు. గల్లంతైనవాడి భార్య ఏడవడం కూడా మానేసి, ఇసకలో కూలబడి నీళ్ళకేసి చూస్తోంది పాపం. ఆమెని చూసొచ్చినప్పట్నుంచీ తాతారావుకి కాలూ చెయ్యీ ఆడటం లేదు.

సిలిండరు వాల్వు కట్టేశాడు. ప్లగ్గుకి జానెడు దూరంలో ముఖం పెట్టి పానా వేశాడు. బిర్రుగా ఉంది. ఉప్పు పట్టేసి ఉంటుందనుకుని, పట్టు కోసం పానాకి బారెడు ఇనప గొట్టం తొడిగాడు.

మూల పీట మీద కూర్చుని గురువు దస్తగిరి గారు ఇదంతా చూస్తూనే ఉన్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి. ఎడమ కన్ను లేదు. అదెలా పోయిందో ఆయన చెప్పింది లేదు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఒక్క తోపు తోస్తే వచ్చేస్తుందన్నాడు తాతారావు. ఆయన నెమ్మదిగా లేచి వచ్చి, శిష్యుణ్ణి పక్కకి జరిపి, బల్ల మీదికి వంగి, మిగిలిన ఆ ఒక్క కన్నూ సరిగ్గా ప్లగ్గుకి ఎదురుగా పెట్టారు.

"ఊఁ, తిప్పు నాయనా."

గొట్టం మీద వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. తాతారావు వాల్వు కట్టాడు, నిజమే. లోపల చిక్కిన గాలి వదిలాడా? పక్కనే వేలాడుతున్న, గాలి ఒత్తిడి చూపే గేజీ వంక అప్పుడు చూశాడు. సున్నాలో ఉండాల్సిన ముల్లు నూట ఎనభై మీద ఉంది. ఆ ఒత్తిడి మీద ఊడితే ప్లగ్గు తూటాలా కంట్లోకే వస్తుంది.

పానా తీసి కింద పెట్టాడు. గురువుగారి భుజాలు పట్టుకుని వెనక్కి జరిపాడు. డైవరు నోట్లో పెట్టుకునే ముక్క మీదున్న మీట నొక్కాడు. గాలి బుస్సున తన్నుకొచ్చింది. చప్పుడు పూర్తిగా ఆగి, ముల్లు సున్నాకి దిగేదాకా వేలు తియ్యలేదు. ఈసారి గొట్టం అవసరమే లేకపోయింది, ప్లగ్గు మెత్తగా తిరిగి చేతిలోకి వచ్చింది.

రింగు మార్చి, మళ్ళీ గాలి పెట్టి సరిచూసి, సామాను డైవరు చేతికిచ్చి వచ్చాడు. వచ్చి పీట దగ్గర కింద కూర్చున్నాడు.

"ఉన్న ఒక్క కన్నూ అలా పెట్టేశారేంటి గురువుగారూ?"

దస్తగిరి గారు అతని ముఖం కేసి చూశారు.

"నేను పెట్టింది ఒక్కటే నాయనా. నువ్వు రెండూ పెట్టావు."