పందిరి గుంజ

సామర్లకోటలో రైలుకట్ట పక్క వీధిలో గవర్రాజు అనే ఒకాయన ఉండేవాడు. ఇంట్లో ఏది పాడైనా, దాన్ని బాగుచేయడానికి ఇంట్లోనే బాగున్న ఇంకోదాన్ని ఊడదీయడం ఆయనకున్న చెడ్డ అలవాటు. అది చెడ్డ అలవాటని ఆయనకి తోచేది కాదు. గొప్ప నేర్పు అనుకునేవాడు. "బజారు గుమ్మం తొక్కకుండా ఇల్లు బాగుచేసుకుంటున్నాను, చూడండి!" అని అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పుకునేవాడు. "అబ్బో, నీ చెయ్యి పడితే ఇంకేం కావాలి!" అని వాళ్ళూ మెచ్చుకునేవాళ్ళు. ఆ మెచ్చుకున్న వాళ్ళే ఆయన్ని పాడుచేశారని నా అనుమానం.

ఉగాది దగ్గరపడింది. ఇల్లు దులిపి సున్నం వేస్తుంటే వంటింటి తలుపు బందు విరిగింది. గవర్రాజు తిన్నగా స్నానాల గదికి వెళ్ళాడు. ఆ తలుపుకి మూడు బందులున్నాయి. "మూడెందుకు, రెండు చాలవూ?" అని ఒకటి ఊడదీసి వంటింటి తలుపుకి బిగించాడు. వంటింటి తలుపు చక్కగా మూసుకుంది. స్నానాల గది తలుపు ఒరిగిపోయి నేలకి రాసుకోవడం మొదలుపెట్టింది. దాన్ని పైకి లాగి కట్టడానికి బట్టలారేసే తీగ తెంపాడు. చీరలు ఆరేయడానికి చోటు లేకపోయింది. అందుకని బావి తాడు సగం కోసి దండెం కట్టాడు. చేద ఇక నీళ్ళదాకా దిగనంది.

ఆయన భార్య మంగతాయారు బిందె చంకన పెట్టుకుని పక్కింటి అచ్చియ్యమ్మ గారి కుళాయికి వెళ్ళాల్సి వచ్చింది.

"ఇదేం బాగుచేతండీ! ఒకటి కుదిరిందనుకుంటే ఇంకోటి పోతోంది," అంది.

"తలుపు మూసుకుంటోందా లేదా? అది చెప్పు ముందు," అన్నాడు గవర్రాజు.

మూసుకుంటోంది మరి. ఆవిడ బిందె సర్దుకుని కుళాయికి నడిచింది.

పెరట్లో మంగతాయారు పెట్టుకున్న ఆనపపాదు ఒకటుండేది. అది ఆవిడ పుట్టింటి గింజ. పెళ్ళయి వస్తున్నప్పుడు వాళ్ళమ్మ కొంగున కట్టి పంపింది. ఆ కాయలు పొట్టిగా, గుండ్రంగా ఉండేవి. పాలు పోసి వండితే కూర వెన్నలా ఉండేది. అమ్మ పోయాక కూడా మంగతాయారు ఏటా ఒక కాయ ముదరనిచ్చి, ఎండబెట్టి, గింజలు మూటగట్టి దాచుకునేది. నిరుడు ఎలుకలు ఆ మూట కొరికేశాయి. మిగిలిన నాలుగు గింజలూ పాతిపెడితే ఒక్కటే మొలిచింది. పుట్టింట్లోనూ ఇప్పుడు ఆ పాదు లేదు.

అందుకే ఆవిడ ఆ ఒక్క తీగనీ పసిపిల్లలా చూసుకుంది. నాలుగు సరుగుడు గుంజలు పాతించి పందిరి వేయించింది. తొలికాపులో మంచి కాయ చూసి, ఎవరూ పొరపాటున కోయకుండా దాని తొడిమకి ఎర్రగుడ్డ పీలిక కట్టింది. మొగుణ్ణి పిలిచి పందిరి కింద నిలబెట్టింది.

"ఇల్లంతా మీ ఇష్టం. దీని జోలికి మాత్రం రాకండి. ఈ కాయ పోతే మా అమ్మ గింజ పోయినట్టే. ఇంకెక్కడా దొరకదు."

"అంత మాత్రం నాకు తెలీదా?" అన్నాడు గవర్రాజు.

ఉగాది వెళ్ళిన కొన్నాళ్ళకి మంగతాయారు తన పిన్ని కూతురి సీమంతానికని పెద్దాపురం వెళ్ళింది. ఆవిడ అటు వెళ్ళగానే ఇటు దొడ్డి తడిక గుంజ చెదలు తిని పుటుక్కున విరిగింది. తడిక పడిపోయింది. సందులో తిరుగుతున్న అచ్చియ్యమ్మ గారి మేకలు రెండు తలలు లోపలికి పెట్టాయి. గవర్రాజు చూశాడు. "ఇవి లోపలికొస్తే పాదు మిగలదురా నాయనా!" అని కర్ర పట్టుకుని పరుగెత్తి వాటిని తోలాడు.

పాపం, పాదు కాపాడాలనే చూశాడు. అది కాదనను. సరుగుడు కర్రలమ్మే అడితి రెండు వీధుల అవతలే ఉంది. సైకిలు మీద వెళితే కొత్త గుంజ తెచ్చుకోవచ్చు. చెప్పులు కూడా వేసుకున్నాడు. అంతలో పందిరి గుంజలు కంటపడ్డాయి. నిటారుగా, గట్టిగా, నాలుగున్నాయి.

గవర్రాజు చెప్పులు విడిచేశాడు.

ఒక మూల గుంజ పెరికి దొడ్డి తడికకి పాతాడు. పందిరి ఆ మూల వాలిపోకుండా పక్కనే ఉన్న మునగచెట్టు కొమ్మకి తాడేసి కట్టాడు. చేతులు దులుపుకుంటుంటే గోడమీదుగా అచ్చియ్యమ్మ గారు తొంగి చూసింది.

"ఏం చేస్తున్నావు గవర్రాజూ?"

"మీ మేకలు రాకుండా తడిక గట్టిచేస్తున్నాను పిన్నిగారూ."

"అది సరేనయ్యా, ఆ పందిరి దేనికి కట్టావు? మునగకొమ్మకా? కాకి వాలితే విరిగేట్టుంటుంది! పోయి ఒక గుంజ తెచ్చుకోరాదూ!"

"గాలా, వానా? మీరు ఊరికే కంగారు పడకండి," అన్నాడు.

సాయంత్రానికి గాలీ వచ్చింది, వానా వచ్చింది. దుమ్ము లేచింది, ఆకాశం నల్లబడింది, మునగచెట్టు ఊగిపోయింది. గవర్రాజు వంటింట్లోంచి చూస్తుండగానే కొమ్మ ఫెళ్ళున విరిగింది. ఆ మూల కుంగింది. మిగిలిన మూడు గుంజలూ బరువు ఆగలేక ఒరిగిపోయాయి. పందిరంతా నేలకూలింది.

వాన వెలిసేసరికి మంగతాయారు బస్సు దిగి వచ్చింది. పెరట్లోకి వెళ్ళి నిలబడిపోయింది. ఎర్రగుడ్డ పీలిక బురదలో ఉంది. కాయ రెండుగా పగిలి ఉంది. ఆవిడ వంగి ఒక గింజ తీసి గోరుతో నొక్కింది. లేత గింజ, పాలు కారి చితికిపోయింది.

"మేకలొస్తాయని..." అన్నాడు గవర్రాజు. తడిక వైపు చెయ్యి చూపించాడు.

మంగతాయారు ఆ తడినేల మీదే కూలబడి ఏడ్చింది. "అమ్మ పోయినా నాకు అంత లోటనిపించలేదండీ. ఏటా ఇది కాసేది. కోసుకుని వండుకుంటే ఆవిడ వచ్చి వడ్డించినట్టే ఉండేది," అంది.

ఆ రాత్రి ఆవిడ ఆ కాయనే కూర వండి వడ్డించింది. గవర్రాజు ఒక ముద్ద పెట్టుకున్నాడు. పీచు. ఎంత నమిలినా మింగుడు పడలేదు.

"కూరకి ముదురు, విత్తనానికి లేత. ఎందుకూ కాకుండా పోయింది," అంది మంగతాయారు. ఆయన విస్తట్లో ఇంకాస్త కూర వేస్తూ, "తడిక మాత్రం గట్టిగా ఉందండీ, చూసొచ్చాను," అంది.

తిట్టినా బాగుండేదనుకున్నాడు గవర్రాజు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. విస్తట్లో కూరంతా తిన్నాడు.

తెల్లవారగానే పెరట్లోకి వెళ్ళి పడిపోయిన తీగని ఆకు ఆకూ తప్పించి చూశాడు. చాలావరకు నలిగిపోయింది. మొదలు మాత్రం పెళ్ళగిలలేదు. మొదటికి దగ్గరగా ఒక పిల్లతీగ పచ్చగా ఉంది.

"మంగా, ఇటు రా! మొదలు బతికే ఉంది!" అని కేకేశాడు.

ఆవిడ వచ్చి చూసింది. "పందిరెక్కిస్తే బతకొచ్చు. ఎక్కించడానికి నాలుగో గుంజేదీ?" అంది.

గవర్రాజు చుట్టూ చూశాడు. దండెం గుంజ అక్కడే ఉంది. అలవాటు ఎక్కడికి పోతుంది, చెయ్యి దాని మీద పడనే పడింది! పట్టుకుని ఒకసారి ఊపాడు కూడా. మంగతాయారు ఆయన వంకే చూస్తూ నిలబడింది. గవర్రాజు చెయ్యి తీసేశాడు. చెప్పులేసుకుని, సైకిలు తీసి అడితికి వెళ్ళాడు.

సరుగుడు గుంజ భుజాన పెట్టుకుని సైకిలు నడిపించుకొస్తుంటే అచ్చియ్యమ్మ గారు వీధిలో ఎదురైంది. "అయ్యయ్యో, ఎవరింటిదయ్యా ఊడబెరికావు?" అని నవ్వింది.

"కొన్నాను పిన్నిగారూ," అన్నాడు గవర్రాజు తల దించుకుని.

ఆ గుంజ పాతి, ఒరిగిన మూడూ సరిచేసి, పందిరి మళ్ళీ నిలబెట్టాడు. అక్కడితో ఆగలేదు. బజారుకెళ్ళి బందు తెచ్చి స్నానాల గది తలుపుకి వేశాడు. బావికి కొత్త తాడు తెచ్చాడు, దండేనికి కొత్త తీగ కట్టాడు. ఒక్క ఇంట్లో ఇన్ని లోట్లు తనే చేశాడా అని ఆయనకే ఆశ్చర్యం వేసింది.

పిల్లతీగ పందిరెక్కింది. ఆలస్యంగా నాలుగైదు పిందెలు వేసింది. అన్నీ రాలి ఒక్కటి నిలిచింది. మంగతాయారు దానికి ఎర్రగుడ్డ కట్టింది. గవర్రాజు పొద్దునా సాయంత్రం నాలుగు గుంజలూ ఊపి చూసి గానీ కాఫీ ముట్టేవాడు కాదు. కాయ ముదిరాక వానలు పట్టుకోవడంతో కోసి, పొయ్యి పైన ఉట్టికి వేలాడదీశారు.

శ్రావణంలో ఒకనాడు మంగతాయారు ఆ కాయని దించింది. పెంకు గట్టిపడి తేలికైపోయింది. మొగుడి చెవి దగ్గర పెట్టి ఆడించింది. లోపల గింజలు గలగలలాడాయి. గవర్రాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఆవిడ కాయ పగలగొట్టి గింజలు రెండు మూటలు కట్టింది. ఒకటి డబ్బాలో పెట్టి మూత బిగించింది. రెండోది ఆయన చేతికిచ్చి, "అచ్చియ్యమ్మ గారికి ఇచ్చిరండి. రెండిళ్ళలో ఉంటే నాకు ధైర్యం," అంది.

ఆయన అరుగు దిగుతుంటే ఎవరో అడిగారు: "ఏం గవర్రాజూ, ఈ మధ్య బజారులో తెగ కనిపిస్తున్నావు?"

"కొత్తది కావలసిన చోట కొత్తదే తెస్తున్నాను," అన్నాడాయన.

బాగున్నదాన్ని ఊడబెరికి పాడైనదానికి అతికిస్తే లోటు తీరదు, చోటు మారుతుందంతే; అలా మారి మారి అది చివరికి మనకి అన్నిటికన్నా విలువైన దాని మీదే పడుతుంది.