తెలియదని చెప్పిన దీపం

అనగనగా ఒక కడలి. ఆ కడలికి ఎడతెగని ఇసుక ఒడ్డు. ఆ ఒడ్డు వెంట ఐదు పల్లెలు. గవ్వలపేట, తెరచాపలపాలెం, మొగలిదిబ్బ, ఉప్పుటేరువలస, చుక్కానిపేట.

ఐదు పల్లెలవాళ్లూ చేపల వేటకు వెళ్లి బతికేవాళ్లే. తెల్లవారకముందే పడవలను నీళ్లలోకి తోసేవారు. తోసే ముందు అందరి నోటా ఒకటే ప్రశ్న. ఇవాళ గాలి ఎలా ఉంటుంది?

జవాబు లేకపోలేదు. ఏ పల్లె దగ్గర గాలి ఎంత వేగంతో వీస్తుందో నగరంలోని వాతావరణ కచేరీ వాళ్లు రోజూ ఇంటర్నెట్‌లో పెట్టేవారు. పల్లెకొక పేజీ. అయితే ఒడ్డు మీద ఫోనులో మాట వినబడేంత సిగ్నలే తప్ప పేజీ తెరుచుకునేంత సిగ్నల్ ఉండదు. తెరుచుకున్నా ఆ పట్టికలూ అంకెలూ ఎవరికీ కొరుకుడుపడవు.

అందుకని మత్స్యకార సంఘం పెద్ద పెంటయ్య ఒక ఉపాయం ఆలోచించాడు. పల్లెకొక దీపస్తంభం పాతించాడు. గాలి నెమ్మదిగా ఉంటే ఆకుపచ్చ దీపం, బలంగా ఉంటే ఎర్ర దీపం. ఆ పేజీల నుంచి గాలి అంకెలు ఏరి తెచ్చి, ఆ దీపాలు వెలిగించే కంప్యూటర్ ప్రోగ్రాం రాయమని నాగావళి అనే అమ్మాయిని పిలిపించాడు.

నాగావళి ఎగువ ఊళ్లలో పుట్టింది. పసితనంలోనే తల్లీ తండ్రీ పోతే హాస్టళ్లలో పెరిగింది. సముద్రం ఎరగదు, సముద్రం మనుషులనూ ఎరగదు. చుక్కానిపేటలో సంఘం భవనం మీద, ఐస్ గదికి సరిగ్గా పైన, ఆమెకొక గది ఇచ్చారు. కింద ఐసు దంచే చప్పుడు. ఎదురుగా అలల చప్పుడు. మధ్యన ఏ చప్పుడూ లేని ఆ పిల్ల.

పొద్దున్నే చేపల గంపలతో వెళ్లే ఆడవాళ్లు తలెత్తి కిటికీ వైపు చూసేవారు. "అదుగో, కంప్యూటర్ పిల్ల" అనుకునేవారు. అంతటితో సరి. ఆమెతో మాట్లాడాలంటే ఏం మాట్లాడాలో వాళ్లకు తోచేది కాదు. వాళ్లను ఎలా పలకరించాలో ఆమెకూ తోచేది కాదు. ఒక్కదానికే వండుకునేది, ఒక్కతే తినేది. ఎంత కొంచెం వండినా పప్పు మిగిలిపోయేది.

పని మొదలుపెట్టింది. మొదటి రోజే చిక్కు వచ్చింది.

ప్రోగ్రాం పేజీకి వెళ్లింది, గాలి అంకెను పట్టుకుంది, తీరా దీపానికి చెప్పబోయే వేళకు ఆగిపోయింది. "గాలి అనే పేరు నాకు తెలియదు" అంది కంప్యూటర్.

ఎందుకంటే ప్రోగ్రాం ఒక ఇల్లు లాంటిది. అందులో ఫంక్షన్లని చిన్న చిన్న గదులుంటాయి. గదిలో పెట్టిన వస్తువు ఆ గదిదే. బయట నిలబడి పేరు పెట్టి పిలిస్తే అది పలకదు. నాగావళి గాలి అంకెను గదిలో పెట్టి, బయటి నుంచి పిలిచింది. గది తన పని ముగించి, గడప దగ్గర ఆ అంకెను చేతికి అందించేలా రాయాలి. అది సరైన పద్ధతి. ఆమె చదువుకున్నదే.

ఇంతలో కింద నుంచి పెంటయ్య కేకేశాడు. "అమ్మాయీ, దీపాలు ఎప్పుడు వెలుగుతాయి? అవతల జనం అడుగుతున్నారు."

"ఇదిగో పెదనాన్నగారూ, అయిపోవచ్చింది" అంది నాగావళి.

తొందరలో పద్ధతి మరిచింది. అంకెను గదిలోంచి లాగి ఇంటి నడిమి చావడిలో పెట్టింది. చావడిలో ఉన్నది అన్ని గదులకూ కనబడుతుంది. ప్రోగ్రాం కిక్కురుమనకుండా నడిచింది.

రెండో చిక్కు మర్నాడే వచ్చింది. ఐదు పల్లెల్లోనూ వెలగవలసిన దీపాలు ఒక్క చుక్కానిపేటలోనే వెలిగాయి. చూడగా చూడగా తెలిసింది. అంకెలు వేసుకునే సంచిని ప్రోగ్రాం ప్రతి పల్లెకూ కొత్తగా తీసుకుంటోంది. తీసుకున్నప్పుడల్లా పాత సంచి పోతోంది, పాత అంకెలూ పోతున్నాయి. చివరికి చివరి పల్లె అంకె ఒక్కటే మిగులుతోంది. నాగావళి ఆ సంచిని కూడా తెచ్చి చావడిలో పెట్టింది. ఐదు పల్లెల్లోనూ దీపాలు వెలిగాయి.

సంచి చోటు చావడే, అందులో తప్పు లేదు. కానీ ఆమె నేర్చుకున్న పాఠం తప్పు. "అన్నీ చావడిలోనే ఉంటే అసలు గొడవే లేదు" అనుకుంది. ఉన్న పేర్లన్నీ గదుల్లోంచి బయటికి తెచ్చి చావడి నింపేసింది. "ఇలా చేస్తే ఫరవాలేదా?" అని అడగడానికి పక్కన ఎవరూ లేరు. ఎవరైనా ఉంటే బాగుండునని ఆమెకు ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం గడిచిపోయింది.

పల్లెలు దీపాలకు అలవాటు పడ్డాయి. "దీపం ఎల్లమంది", "దీపం ఒద్దంది" అనుకునేవారు. ఆకుపచ్చను చూస్తే పడవ తోసేవారు. ఎరుపు చూస్తే వలలు బాగుచేసుకునేవారు. ఆకాశం వైపు చూడడం మానేశారు. మేడ మీది పిల్లను తలుచుకున్నవాళ్లు లేరు. దీపం అన్నీ చెబుతుంటే ఆమెతో పనేముంది?

మూడో చిక్కు చప్పుడు లేకుండా వచ్చింది.

వానాకాలం వెళ్లిపోతున్న రోజులు. ఆ తెల్లవారుజామున ఉప్పుటేరువలసలో ఆకుపచ్చ దీపం వెలిగింది. దానయ్య అనే నడివయసు జాలరి, మరో ఇద్దరిని వెంటేసుకుని పడవ తోశాడు. పొద్దెక్కేసరికి దక్షిణం నుంచి గాలి విరుచుకుపడింది. పడవ తలకిందులైంది. ముగ్గురూ బోర్లాపడిన పడవను కరుచుకుని అలల మీద తేలారు. దైవం మేలు, వేరే పడవవాళ్లు చూసి వాళ్లను లాక్కొచ్చారు. ప్రాణాలు దక్కాయి. దానయ్య ఎడమ చెయ్యి విరిగింది. పడవ ఒడ్డున రాళ్లకు కొట్టుకుని ముక్కలైంది.

పెంటయ్య మెట్లెక్కి వచ్చాడు. "కచేరీవాళ్లు తప్పు చెప్పినట్టున్నారమ్మా. నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అని నిట్టూర్చి దిగిపోయాడు.

నాగావళి తలుపు వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆనాటి అంకెలు చూసింది. మొగలిదిబ్బ గాలీ ఉప్పుటేరువలస గాలీ ఒకటే. దశాంశ బిందువు తర్వాతి అంకెలతో సహా ఒకటే. ఎక్కడైనా రెండు ఊళ్ల గాలి అంతగా కలుస్తుందా?

ఉప్పుటేరువలస పేజీ తెరవబోయింది. తెల్ల కాగితంలా ఖాళీగా ఉంది. ఆ పొద్దున ప్రోగ్రాం వెళ్లినప్పుడూ అది తెరుచుకోలేదన్నమాట.

అప్పుడర్థమైంది. ప్రోగ్రాం ఉప్పుటేరువలసకు వెళ్లింది, ఏమీ దొరకలేదు. చావడిలో గాలి పేరు మీద అంతకుముందు పల్లె అంకె అలాగే కూర్చుని ఉంది. అది మొగలిదిబ్బది. ప్రోగ్రాం దాన్నే తీసుకుపోయి, ఇదే ఉప్పుటేరువలస గాలి అని దీపానికి చెప్పింది. ఆ అంకె గదిలోనే ఉండి ఉంటే పల్లె పల్లెకూ కొత్తగా పుట్టేది, దొరకనినాడు ఖాళీగా ఉండేది.

ఆ రెండు అంకెలనూ మరోసారి పక్కపక్కన పెట్టి చూసుకుంది.

ఈ సంగతి లోకంలో ఇంకెవరికీ తెలియదు. అడిగేవాళ్లు లేరు, అడిగినా అర్థమయ్యేవాళ్లు లేరు. గుట్టుగా బాగుచేసుకుంటే దానితో ముగిసిపోతుంది. నాగావళి అంతవరకు ఎన్నోసార్లు ఒంటరిగా ఉంది. కానీ ఒక నిజంతో ఒంటరిగా ఉండడం ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడే తెలిసింది.

ముందు ఐదు పల్లెల దీపాలూ ఆర్పేసింది. తర్వాత మెట్లు దిగి, మిట్టమధ్యాహ్నపు ఇసుకలో ఉప్పుటేరువలసకు నడిచింది. ఏరు సముద్రంలో కలిసే చోట మోకాలి లోతు నీళ్లలో దిగి దాటింది.

దానయ్య చేతికి కట్టుతో గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. అతని భార్య పైడమ్మ పొయ్యి ముందు ఉంది.

"ఎవలమ్మా నువ్వు?" అంది పైడమ్మ.

"దీపాల పని చేసేదాన్ని అక్కా. నాగావళి నా పేరు."

"దీపం ఎల్లమంటేనే ఎల్లినారు తల్లీ. దీపాన్నేటనుకుంటాం. గాలికి కోపమొచ్చింది."

"గాలి తప్పు కాదక్కా. కచేరీవాళ్ల తప్పూ కాదు. మీ ఊరి గాలి ఎంతో ఆ పొద్దున దీపానికి తెలియలేదు. మొగలిదిబ్బ గాలినే మీ గాలి అని చెప్పింది. అలా చెప్పేటట్టు రాసింది నేనే."

పొయ్యిలో పుల్ల చిటపటమంది.

"మొగలిదిబ్బ గాలి మా గాలెలాగవుద్దమ్మా?" అన్నాడు దానయ్య నెమ్మదిగా. అతని గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా ఆమెకు బాగుండేది.

"అవదు" అంది నాగావళి.

పైడమ్మ లేచింది. "ఎల్లిపో తల్లీ. నిన్నేటీ అన్ను. నా కళ్ల ముందుండకు, ఎల్లిపో."

నాగావళి వచ్చిన దారినే వెళ్లిపోయింది.

సాయంత్రానికి మాట ఐదు పల్లెలకూ పాకింది. పెంటయ్య పరుగున వచ్చాడు. "ఎందుకు చెప్పావమ్మా? నోరు మూసుకుని బాగుచేసుకుంటే సరిపోయేది కదా! ఇప్పుడు సంఘం పరువేం కాను?"

"సరిపోయేది పెదనాన్నగారూ. కానీ రేపు ఆకుపచ్చ దీపం వెలిగినప్పుడు, దాన్ని నేనే నమ్మలేకపోయేదాన్ని."

పెంటయ్య ఆమె ముఖం కేసి చూశాడు. "అయితే బాగుచెయ్యి. దానయ్యకు పడవ సంగతి సంఘం చూసుకుంటుంది" అని వెళ్లిపోయాడు. పెద్దమనిషి, మాట నిలబెట్టుకున్నాడు కూడా.

నాగావళి బాగుచేయడం మొదలుపెట్టింది. చావడిలో పోగుపడ్డ పేర్లను ఒక్కొక్కటే తీసి దాని గదికి పంపింది. ఒకటి తీసేసరికి ప్రోగ్రాం నాలుగుచోట్ల ఆగింది. "ఈ పేరు నాకు తెలియదు, ఆ పేరు నాకు తెలియదు" అని అరిచింది. ఇదివరకు ఆ అరుపు వింటే చిరాకు పుట్టేది. ఇప్పుడు చెవి ఒగ్గి విన్నది. అరిచిన చోటల్లా ఆగి, "నీ చోటు ఏది? నువ్వు ఎవరికి కావాలి?" అని ఆ పేరును అడిగినట్టు ఆలోచించింది. గదిలోనిది గదిలోనే ఉంచింది. బయటికి కావలసినదాన్ని గడప దగ్గర చేతికి అందించింది. ఏ పల్లె గాలి ఆ పల్లె గదిలోనే పుట్టి అక్కడే ముగిసేటట్టు రాసింది.

ఆ రోజుల్లో ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. చేపల గంపల ఆడవాళ్లు తలెత్తి చూడడం కూడా మానేశారు. ఇదివరకు వాళ్లు చూసేవారని, ఆ చూపు కూడా ఒక తోడేనని ఆమెకు అప్పుడు తెలిసింది. కొట్టుకు వెళ్లి ఉప్పు అడిగితే ఉప్పు ఇచ్చేవారు, మాట ఇచ్చేవారు కారు. వెళ్లిపోదామని ఒకనాడు సంచీ సర్దింది. పని సగంలో ఉందని మళ్లీ విప్పింది.

అంతా అయ్యాక ఒక్క ప్రశ్న మిగిలింది. పేజీ తెరుచుకోనినాడు ఏ దీపం వెలగాలి? ఆకుపచ్చ అబద్ధం. ఎరుపూ అబద్ధమే. ఏ దీపమూ వెలగకపోతే కరెంటు పోయిందనుకుంటారు. నాగావళి పెంటయ్యను బతిమాలి ప్రతి స్తంభానికీ మూడో దీపం పెట్టించింది. అది పసుపు దీపం. దాని కింద తన ఫోన్ నంబరు రాయించింది.

"పసుపంటే ఏటి?" అని అడిగారు పల్లెవాళ్లు.

"తెలియదని" అన్నాడు పెంటయ్య.

అందరూ పకపకా నవ్వారు. "తెల్దని సెప్పడానికి కరెంటెందుకు? మమ్మల్నడిగితే మేమే సెబుతుం కదా!"

కొంతకాలం గడిచింది. ఒక తెల్లవారుజామున నాగావళి ఫోన్ మోగింది. ఆమెకు ఫోన్ చేసేవాళ్లు ఎవరూ లేరు. పొరపాటున వచ్చిందేమో అనుకుంటూనే ఎత్తింది.

"పిల్లా, నాను దానయ్యని. ఉప్పుటేరువలస. నీ దీపం పసుపుగా ఎలుగుతోంది."

"అవును బావగారూ. మీ పేజీ తెరుచుకోలేదు. మీ గాలి ఎలా ఉందో నాకు తెలియదు."

"నీకు తెల్దు. నాకు తెలుసు కదా! కుర్రోళ్లు పడవ తోసేత్తామంటే నానే ఆపినాను. దక్షినాన మబ్బు కింద నుంచి కడతంది. అల రంగు తిరిగిపోనాది. ఎర్రది ఎలిగించు."

నాగావళి ఎర్ర దీపం వెలిగించింది. పడవలు ఒడ్డునే ఆగాయి. మధ్యాహ్నానికి సముద్రం కొండంత లేచింది. ఉప్పుటేరువలసలో ఆ పూట అందరూ ఇళ్లలోనే ఉన్నారు, అందరూ అన్నాలు తిన్నారు.

గాలి తగ్గాక మళ్లీ ఫోన్ మోగింది. దానయ్య నంబరే, కానీ ఈసారి పిలిచింది ఆడ గొంతు.

"పైడమ్మక్కా?" అంది నాగావళి.

"ఊఁ." అంది పైడమ్మ. "గాలెలాగ సూడాలో నీకు నేర్పుతాడంట మా ఆయన. రేపిటేల రా. ఏరు దాటేకాడ నీల్లెక్కువున్నాయి, సూసుకుని రా."

నాగావళి వెళ్లింది. ఒడ్డున దానయ్య మబ్బును చూపించాడు, అల రంగు చూపించాడు. పైడమ్మ పెద్దగా మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు మాత్రం "సీకటి పడకముందే ఎల్లు" అంది.

ఆ తర్వాత ఏ పల్లెలో పసుపు దీపం వెలిగినా ఫోన్ మోగేది. ఒకరు మబ్బు గురించి చెప్పేవారు, ఒకరు కాకులు ఒడ్డు విడిచి లోపలికి పోతున్నాయనేవారు. మాట ముగిశాక వెంటనే పెట్టేసేవాళ్లు కొందరు. "తిన్నావా?" అని అడిగేవాళ్లు కొందరు. ఆమె గది అదే. సాయంత్రాలు చాలావరకు అలాగే ఒంటరిగానే గడిచేవి. కానీ ఆకుపచ్చా ఎరుపూ మాత్రమే వెలిగినన్నాళ్లూ ఎవరికీ అక్కరలేని ఆ పిల్ల, తెలియదన్న నాటి నుంచి ఐదు పల్లెలకూ కావలసినదైంది.

కాబట్టి పిల్లలూ, పక్కింటి నిజాన్ని తెచ్చి మన నిజమని చెప్పేకన్నా, తెలియనిదాన్ని తెలియదనడమే మేలు; తెలియదన్నవారి తలుపే తెలిసినవారికి తెరిచి ఉంటుంది.