ఇద్దరి కొలత

దాలినాయుడు మేస్త్రి అడిగినదానికి నోటితో జవాబు చెప్పే మనిషి కాడు. పన్నెండేళ్లుగా ఆయన షెడ్డులో పనిచేస్తున్న పైడిరాజుకు ఆ సంగతి తెలుసు. తెలిసీ ఒకనాడు ఉండబట్టలేక అడిగాడు: "చేసిన పనిలో తప్పు లేనప్పుడు ఫలితం తప్పెందుకవుతాది మేస్త్రీ?"

అడగడానికి కారణం ఎదురుగానే నిలబడి ఉంది. కాఫీతోటల మేనేజరుగా చేసి రిటైరైన కూర్మనాథం గారి పాత స్పోర్ట్స్ కారు అది. రెండే సీట్లు, అవీ వెనక చక్రాలకు ఆనుకుని ఉంటాయి. బ్రేకు తొక్కితే ఏ బండికైనా బరువు ముందుకు వాలి, వెనక భాగం తేలికపడుతుంది. అందుకని వెనక చక్రాలకు బ్రేకు పట్టు కాస్త తక్కువగా ఇవ్వాలి. ఎక్కువైతే అవే ముందుగా బిగుసుకుని బండిని తిప్పేస్తాయి. ఆ పట్టును హెచ్చించి తగ్గించే మరను నెల కిందట పైడిరాజు వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిర్చాడు. అయినా మొన్న ఘాట్ మలుపులో బండి గిర్రున తిరిగి, లోయ అంచు పిట్టగోడను తాకి ఆగింది. కూర్మనాథం గారు "నాకేం కాలేదులేవోయ్" అన్నారే గాని ఒక్క మాట తూలలేదు. పైడిరాజుకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

మూతపడ్డ జనపనార మిల్లు ముందున్న సిమెంటు నేల మీదికి బండి తీయమన్నాడు మేస్త్రి. వాళ్ల షెడ్డు అలవాటు ప్రకారం ఒకరు నడిపితే, ఇంకొకరు పక్కన కూర్చుని తల బయటపెట్టి చక్రాల చప్పుడు వింటారు. పైడిరాజు వేగం అందుకుని బ్రేకు తొక్కాడు. గీత గీసినట్టు ఆగింది. మూడుసార్లూ అంతే.

మేస్త్రి తలుపు తీసుకుని దిగాడు. "ఇప్పుడు తొక్కు."

ఈసారి వెనక భాగం విసురుగా జారి, బండి అడ్డంగా నిలబడిపోయింది.

పైడిరాజు పక్క సీటు కేసి చూశాడు. నెల కిందట మర కుదిర్చినప్పుడూ వెనక చక్రాల మీద ఆ సీట్లోని మేస్త్రి బరువుంది. అక్కడ ఊలుతో అల్లిన చిన్న దిండు ఉంది. కూర్మనాథం గారి భార్య సుభాషిణమ్మ గారిది. ఇరవై ఏళ్లు ఆ సీట్లో కూర్చున్న ఆవిడ పోయిన మాఘంలో కాలం చేశారు. పరామర్శకు గురుశిష్యులిద్దరూ వెళ్లారు. మర దగ్గరికొచ్చేసరికి ఇద్దరికీ గుర్తు రాలేదు.

సాయంత్రం కూర్మనాథం గారు వచ్చారు. ఒక్క మనిషే నడిపేటప్పుడు వెనక పట్టు తగ్గించక తప్పదని పైడిరాజు తల వంచుకుని చెప్పాడు. ఆయన దిండు సర్ది, నెమ్మదిగా అన్నారు:

"తగ్గించకోయ్. ఆవిడ ఉన్నప్పటిలాగే ఉండనీ. నేను నిదానంగా పోతాలే."

ప్రాణానికి తెగించిన మాట అది. మేస్త్రి రంగు డబ్బా తీశాడు. మర ఉన్నచోట ఎర్రరంగుతో సన్నని గుర్తు పెట్టాడు. ఆ తర్వాత చుట్టున్నర వెనక్కి తిప్పాడు.

"ఇద్దరి కొలత ఇక్కడుంది బాబూ. ఎక్కడికీ పోదు."

కూర్మనాథం గారు వంగి ఆ గుర్తును వేలితో తాకారు. రంగు ఇంకా ఆరలేదు, వేలికి అంటింది. తుడుచుకోకుండానే బండెక్కారు. కొండదారి మొదట్లో బ్రేకు వేసినప్పుడు బండి తిన్నగా ఆగడం ఇద్దరూ చూశారు.

బండి కనుమరుగయ్యాక పైడిరాజు అడిగాడు: "ఆ సీట్లోకి ఇంకెవరొస్తారు మేస్త్రీ? ఆ గుర్తెందుకు?"

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "ఎవరూ రారు. తుడిచెయ్యమని ఆయన వచ్చిననాడు తుడుద్దాం."