వాయుధ్వజానికి మందు

ఒకానొక రాజ్యంలో కోట చిన్నదే గాని, అందులో ఉండే రాజుగారి దర్జా మాత్రం పెద్దది. ఆయన పేరు రణధీర భూపాలుడు. తనకు సమానుడెవడూ లేడని భోజనం కూడా ఒంటరిగానే చేసేవాడు. పక్కన ఇంకో పీట వేస్తే పరువు పోతుందని ఆయన నమ్మకం.

ఆ కొలువులో కొమ్మన అనే చమత్కారి ఉండేవాడు. పగలంతా సభను నవ్వించి కోటలోనే ఉన్న తన ఇంటికి వెళితే పలకరించే దిక్కు లేదు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఉన్నదల్లా బుల్లి అనే తట్టువ, అంటే పొట్టిజాతి గుర్రం. వీధి మలుపులో అతని చెప్పుల చప్పుడు వినగానే అది సకిలించేది. ఆ పిలుపు కోసమే కొమ్మన ఇల్లు చేరేవాడంటే అబద్ధం కాదు.

ఇలా ఉండగా రాజుగారు పరదేశపు వర్తకుల దగ్గర వాయుధ్వజమనే మేలుజాతి గుర్రాన్ని కొన్నాడు. కోటలోని తట్టువలు గడ్డిమోపులు మోసుకుంటూ దాని లాయంలోకి వచ్చిపోతుంటే ఆయనకు తల కొట్టేసినట్లయింది.

"గుర్రమంటే ఇదీ!" అన్నాడు సభలో. "పొడుగు కాళ్ళు, చాచిన మెడ, నున్నటి ఒళ్ళు. తట్టువో? బండ కాళ్ళు, చీపురుకట్ట జూలు. ముసలిదైనా గుర్రప్పిల్ల ఎత్తు దాటదు!"

"చిత్తం ప్రభూ," అన్నాడు కొమ్మన. "ఇంకో తేడా కూడా ఉంది. తట్టువ మోసుకొస్తేనే గుర్రం తింటుంది."

సభ గొల్లుమంది. రాజుగారి మొహం మాడిపోయింది.

"పొద్దుగూకేలోగా తట్టువలన్నీ కోట దాటాలి. ముందు నీది!"

నోటిదురుసు కొంప ముంచింది. కొమ్మన బుల్లిని ఏటి అవతల ఒక రైతు దొడ్లో కట్టేసి వచ్చాడు. వీధి మలుపులో అలవాటుగా ఆగాడు. సకిలింపు లేదు. ఇంటికెళ్ళి కూడు వండుకున్నాడు గాని ముద్ద దిగలేదు. నవ్వించేవాడికి ఏడుపు రాదనుకుంటారు జనం. వాళ్ళకేం తెలుసు?

మర్నాటి నుంచి వాయుధ్వజమూ మేత ముట్టలేదు. వెండితొట్టిలో నానబెట్టిన ఉలవలు పోసినా మొహం తిప్పేసింది. చలువరాతి లాయంలో ఒంటరిగా నిలబడి గుమ్మం వైపు చూసేది. వైద్యులు పోసిన కషాయాలు నేలపాలయ్యాయి. రాజుగారికి దిగులు పట్టుకుంది.

కొమ్మన వెళ్ళి దాన్ని ఒకసారి చూశాడు. ఆ చూపుకు అర్థమేమిటో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

"నా దగ్గర మందుంది ప్రభూ," అన్నాడు. "అది ఎలాంటిదైనా లాయంలోకి రానివ్వాలి. పనిచేస్తే ఇక వెళ్ళగొట్టకూడదు."

"మందును ఎవడైనా వెళ్ళగొడతాడటోయ్! మాటిచ్చాను, పట్రా."

కొమ్మన వెళ్ళి బుల్లిని నడిపించుకుంటూ వచ్చాడు. దాని వీపున గడ్డిమోపు ఉంది.

"ఇదా మందు?" రాజుగారు మండిపడ్డాడు.

"పుచ్చుకోవలసింది గుర్రం ప్రభూ, తమరు కాదు."

మోపు విప్పగానే బుల్లి తన పాటికి తాను నమలసాగింది. వాయుధ్వజం ఒక్కసారి సకిలించి, ఉలవలు వదిలేసి, అంత పొడుగు మెడా వంచి, దాని మూతి పక్కన మూతి పెట్టి ఆ ఎండుగడ్డి తిన్నది.

రాజుగారు దగ్గరికి వచ్చి ఉలవల తొట్టినీ ఎండుగడ్డినీ మార్చి మార్చి చూశాడు.

"దీనికి అంతమంది సేవకులున్నారు కదా!"

"సేవకులు చుట్టూ ఉంటారు ప్రభూ. పక్కన ఉండరు."

"నీకెలా తెలిసింది?"

"బుల్లి వెళ్ళిన దగ్గర్నుంచి నాకూ అన్నం సయించలేదు."

రాజుగారు తట్టువలన్నిటినీ తిరిగి రప్పించమని ఆజ్ఞాపించి, "ఏం కావాలో కోరుకో," అన్నాడు.

"పగలు ఈ మందు గుర్రానికి వాడండి. సాయంత్రం నా ఇంటికి పంపండి. అంతే చాలు."

"సరే. రేపటి నుంచి మధ్యాహ్నం నా పక్కన పీట వేయిస్తాను. భోజనానికి రా."

కొమ్మన చేతులు జోడించాడు. "తమ పక్కన నేనా? నేను తట్టువను కదా ప్రభూ!"

"అందుకేనోయ్ రమ్మంటున్నాను," అని రాజుగారు నవ్వాడు. కొమ్మన మెడలో తన ముత్యాలహారం వేశాడు.

మర్నాడు భోజనశాలలోంచి పకపకా నవ్వు వినబడితే, రాజుగారికి ఏమైందోనని వంటవాళ్ళు గరిటెలతో సహా పరుగెత్తుకొచ్చారు.