నక్క తుడిచేసిన అడుగులు

ఉత్తరాన, నేల అయిపోయి సముద్రం గడ్డకట్టే చోట, ఐదే ఐదు ఇళ్ల ఊరొకటి ఉంది. అక్కడ మూడు రోజుల పాటు ఊపిరి తీసుకోకుండా మంచు కురిసింది. నాలుగో రోజు పొద్దున తెరిపి ఇచ్చేసరికి పడవలు లేవు, కంచెలు లేవు, కిటికీలు లేవు. గాలి చాటునున్న గుమ్మాలు మాత్రం మిగిలాయి. పైన ఐదు పొగగొట్టాలు తలలు బయటపెట్టి పొగ వదులుతున్నాయి.

ఆ పొగ వాసన పట్టుకుని ఒడ్డు వెంట ఒక తెల్లనక్క వచ్చింది. ఊరు దానికి కొత్త. ఆకలి మాత్రం నాలుగు రోజుల పాతది. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయని మనం ఊరికే అంటాం కానీ, నిజంగా ఒక్క ఎలుక ఉన్నా అది ఇంత దూరం వచ్చేదే కాదు. ఇవాళ ఏదో ఒకటి నోట్లో పడకపోతే రేపు లేచి నడిచే ఓపిక ఉండదని దానికి తెలుసు.

అంత ఆకలిలోనూ దాని జాగ్రత్త దాన్ని వదల్లేదు. నాలుగడుగులు వేయడం, వెనక్కి తిరిగి వాటిని తోకతో తుడిచేయడం. మళ్లీ నాలుగడుగులు, మళ్లీ తుడుపు. అలా ఒక్కో గడప దాకా వెళ్లి వాసన చూసింది. మొదటి ఇంట్లో సీల్ అనే సముద్ర జంతువు కొవ్వుతో వెలిగే దీపం, రెండో ఇంట్లో పసిబిడ్డ పాలు. మూడో ఇంటి పొగగొట్టం మీద ఒక బొంతకాకి కాళ్లు కాచుకుంటూ కూర్చుంది.

"ఏం నక్కత్తా, మా ఊరు ఊడ్చే పని నీకిచ్చారా?"

"మెల్లగా అనరా! అడుగులు కనబడ్డాయంటే తుపాకీ పట్టుకొస్తారు."

"అవునవును. అదిగో, ఆ గుమ్మం దగ్గర ఒకటి మిగిలింది. శుభ్రంగా తుడిచెయ్."

ఎంత మంచి కాకి అనుకుంటూ నక్క అదీ తుడిచేసింది.

ఐదో ఇంటి ముందు ఇనుప గొట్టాలతో కట్టిన దండెం, దాని నిండా చేపలు. చూడగానే నక్కకి నోరూరింది. దండెం కిందే ఒక బూడిదరంగు కుక్క పడుకుని ఉంది. ఏళ్ల తరబడి మంచుబండి లాగి, కాళ్లు అరిగాక కాపలాకి మిగిలిన ముసలి ప్రాణం.

"తాతా, పడుకున్నావా? మొదటి ఇంటి వెనక తెల్ల ఎలుగుబంటి అడుగులు చూశాను. ఇంతింతవి!"

"నిజంగానా అమ్మాయ్?"

"నా తోక మీద ఒట్టు."

కుక్క మూలుగుతూ లేచి, కుంటుకుంటూ అటు వెళ్లింది.

నక్క మంచు గుట్ట ఎక్కి దండెం అందుకుంది. చేప గడ్డకట్టి గొట్టానికి అతుక్కుపోయి ఉంది. కొరికితే రాలేదు. నాకితే కరుగుతుందేమోనని నాలుక చాపింది. ఆ చలిలో ఇనుము దాని నాలుకని పట్టుకుంది, ఇక వదల్లేదు.

అప్పుడు కాకి కిందికి దిగింది. చేతులు వెనక్కి కట్టుకున్న పెద్దమనిషిలా, తెల్లటి మంచు మీద ఇంటింటి గడప దాకా నడుచుకుంటూ తిరిగింది. రెక్కలు పెట్టుకుని నడుస్తోంది, పిచ్చి కాకి, అనుకుంది నక్క. పైకి అనడానికి నాలుక లేదు.

కుక్క తిరిగొచ్చి దాని ఎదుట నిలబడింది. "ఎలుగు అడుగులు లేవు. చిత్రమేంటంటే నీ అడుగులూ లేవు. ఎగిరొచ్చావా తల్లీ?"

"ఊ... ఊ..."

కుక్కకి సంగతి అర్థమైంది. చేపల దొంగ దొరికిందని అది ఒక్కసారి మొరిగితే చాలు, ఈ చలికాలం నక్క చర్మం ఎవరి నెత్తి మీదో టోపీ అవుతుంది. నక్క కళ్లు గట్టిగా మూసుకుంది. కానీ మొరుగు వినబడలేదు. ముక్కు దగ్గర వెచ్చగా తగిలింది. ముసలి కుక్క నోరు దగ్గరపెట్టి, హా... హా... అని ఊపిరి వదులుతోంది. ఆయాసపడింది, ఆగింది, మళ్లీ వదిలింది. చివరికి నాలుక ఇనుము నుంచి విడివడింది.

"చిన్నప్పుడు నేనూ బండి కొక్కేన్ని నాకాను. మా అమ్మ ఇలాగే ఊదింది," అంది కుక్క.

నక్క నోరు తెరిచేలోగా తలుపు తెరుచుకుంది. అది గబుక్కున కుక్క వెనక నక్కింది. ఆ ఇంటి ముసలావిడ నివి అవ్వ చేపతో బయటికొచ్చి, మంచు మీద అటూ ఇటూ వెతికింది. కాకి అడుగులు కనబడగానే ఆవిడ మొహం విప్పారింది.

"వచ్చావా నాయనా! పదికాలాలు వెచ్చగా ఉండు," అంటూ చేప విసిరి లోపలికి వెళ్లిపోయింది.

"ఇదేంటి తాతా?" అంది నక్క.

"ఈ ఊరి పద్ధతి. కొత్త మంచు మీద గడప దాకా మొదట అడుగేసినవాళ్లకి ఆ ఇంటి చేప. మనిషైనా కాకైనా నక్కైనా ఒకటే. మూడు రోజులు తలుపులు మూసుకుని కూర్చున్నవాళ్లకి, బయట ఇంకో ప్రాణం తిరుగుతోందని తెలిస్తే అదో ధైర్యం."

"నేను ఐదు గడపలూ తిరిగాను తాతా!"

"తిరిగావు. తుడిచావు."

కాకి అప్పటికే పక్కింటి గుమ్మంలో రెండో చేప అందుకుంటోంది. "దారి బాగా ఊడ్చావు అత్తా! నీ మేలు మర్చిపోను," అని అరిచింది.

నక్క కూలబడింది. కుక్క మంచు తవ్వి, తన వాటాలోంచి దాచుకున్న సగం చేప తీసి దాని ముందు పెట్టింది.

"నీకు అబద్ధం చెప్పాను కదా తాతా."

"చెప్పిన నాలుక అనుభవించింది కదా. తిను."

నాలుక మండుతున్నా అంత రుచి అది పుట్టి ఎరగదు. తింటుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. "నా ప్రాణం నిలబెట్టావు తాతా," అంది. వెళ్లేటప్పుడు తోక పైకెత్తి పట్టుకుని, ఒక్కో అడుగూ లోతుగా దించుకుంటూ వెళ్లింది.

తర్వాతి మంచు వెలిసిన పొద్దున నివి అవ్వ తలుపు తీస్తే, సముద్రం ఒడ్డు నుంచి గడప దాకా నక్క అడుగులు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. ఆవిడ మురిసిపోయి చేప విసిరింది. నక్క ఆ చేపలో మెత్తటి పొట్ట భాగం, పళ్లు అరిగిన ముసలి కుక్క ముందు పెట్టాకే తాను ముట్టుకుంది. పొగగొట్టం మీద కాళ్లు కాచుకుంటూ కునుకు తీసిన కాకి ఆలస్యంగా నిద్రలేచింది.

నీతి: పెట్టే చెయ్యి నీ అడుగుల కోసం వెతుకుతుంటే, వాటిని నువ్వే తుడిచేసుకోకు.