గెలిస్తే మనం, ఓడితే వాళ్లు

చిలకవాగు అడవిలో కుందేళ్లు, నెమళ్లు, అడవిపందులు, కోతులు, అలుగులు, ఉడుములు ఉండేవి. తిండి వేరు, గూడు వేరు అయినా అన్నిటికీ పిచ్చి మాత్రం ఒకటే. అది ఫుట్‌బాల్.

ఆ అడవిలో రెండు మైదానాలు ఉన్నాయి. కొండ మీదిది మెట్ట మైదానం. పెద్ద జట్లు అక్కడ ఆడతాయి. కొండ కిందిది పల్లపు మైదానం. మిగిలిన జట్లన్నీ అక్కడ ఆడతాయి. పల్లంలో ఏడాది చివరికి మొదటి స్థానంలో నిలిచిన జట్టు మరుసటి ఏడు మెట్టకు ఎక్కుతుంది. తక్కినవి ఉన్నచోటే ఉంటాయి.

వాగొడ్డు జట్టు పద్నాలుగేళ్లుగా ఉన్నచోటే ఉంది.

ఆ పద్నాలుగేళ్లూ ఒక్క ఆట కూడా మానకుండా చూసిన జీవి ఒకటి ఉంది. అది బూదయ్య అనే ఉడుము. ఉడుం పట్టు సంగతి మీకు తెలిసిందే. ఒకసారి పట్టుకుంటే వదలదు. వాగొడ్డు జట్టునూ అలాగే పట్టుకుంది. పట్టుకున్నందుకు సుఖపడిందా అంటే, అదీ లేదు. బాగా అలసిపోయింది.

ఉడుము ఈ అడవిలో పుట్టలేదు. ఎండకు రాళ్లు పగిలే దూరపు గుట్టల నుంచి వచ్చింది. దాని కూతురు పైడి మాత్రం ఈ వాగొడ్డునే పుట్టింది. "నా బిడ్డకు ఇక్కడ తాత లేడు, మేనమామ లేడు. 'మన' అని చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా" అని ఉడుముకు బెంగ. అందుకే పైడి గుడ్డులోంచి బయటపడిన వారానికే వీపు మీద ఎక్కించుకుని మైదానం గట్టుకు తీసుకెళ్లింది.

"చూడు తల్లీ, అది మన జట్టు" అని చూపించింది.

గట్టు మీద కూర్చుని ఆట చూసేవాళ్లకు అక్కడొక ఆచారం ఉంది. ఆటకు కావలసిన బంతిని వాళ్లే వంతులవారీగా అల్లాలి. లోపల బూరుగు దూది, పైన మోదుగ నార. నార ముడులు బిగించడంలో ఉడుమును మించినవాళ్లు లేరు.

ఆ ఏడు ఒక వింత జరిగింది. ఇంకా మూడు ఆటలు మిగిలి ఉండగా వాగొడ్డు జట్టు అన్నిటికన్నా ముందు నిలిచింది.

"నాన్నా, ఈసారి మనం మెట్టకు ఎక్కుతామా?" అని పైడి అడిగింది.

ఉడుము నిట్టూర్చింది. "జట్టు సంగతి చెబుతాను, నువ్వే లెక్క వేసుకో. కుందేలు ఉంది. దాని పరుగుకు వంక పెట్టలేం. కాకపోతే బంతిని ఇక్కడే వదిలేసి పరిగెడుతుంది. అవతలి గోలు దగ్గరికి వెళ్లాక, బంతి ఏదీ అని వెనక్కి చూస్తుంది. అడవిపంది ఉంది. అది అడ్డం నిలబడితే ఏనుగైనా చుట్టు తిరిగి పోవాల్సిందే. కానీ దుంప వాసన తగిలిందా, ఆట మానేసి అక్కడే తవ్వుతుంది. ఇక నెమలి. మొత్తం జట్టులో గోలు కొట్టగలిగింది అదొక్కటే. ఆకాశంలో మబ్బు కనపడకూడదు, అంతే."

"కనపడితే?"

"పురి విప్పుతుంది. పోయినేడు గెలవాల్సిన ఆట అలాగే పోయింది."

"మరి సూరమ్మత్త?"

సూరమ్మ అంటే ఒంటినిండా పొలుసులుండి, చీమలు తిని బతికే అలుగు. వాగొడ్డు జట్టుకు గోల్‌కీపర్.

"ఆ అలుగు లేకపోతే నేను ఈ గట్టు ఎప్పుడో దిగిపోయేవాణ్ణి" అంది ఉడుము.

పక్క కొమ్మ మీద కోతి ఉంది. అది ఇదంతా విని పకపకా నవ్వింది.

"ఏమోయ్ బూదయ్యా, ఎప్పుడూ అదే ఏడుపా? మైదానంలో గోలు తక్కువైతేనేం, గట్టు మీద గోల ఉంది కదా! నేను గొంతెత్తి అరిస్తే బంతి దానంతటదే లోపలికి పోతుంది."

ఆ మూడింటిలో మొదటి ఆటలో వాగొడ్డు జట్టు ఒక్క గోలు తేడాతో గెలిచింది. కోతి కొమ్మలన్నీ విరగదొక్కింది.

"గెలిచాం! మనం గెలిచాం! ఎలా కొట్టాం, చూశారా!"

పైడి కూడా గంతులు వేసింది. "మనం గెలిచాం! మనం గెలిచాం!"

ఉడుము మాత్రం గంతులు వేయలేదు. పద్నాలుగేళ్లు ఓడినవాడికి గెలుపు మీద కూడా అనుమానమే. అయినా బిడ్డ నోట 'మనం' అనే మాట విని దానికి కడుపు నిండింది.

రెండో ఆటకు బంతి అల్లే వంతు ఉడుముది. ఆటకు ముందురోజు పైడికి ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. ఉడుము ఒక చూపు బిడ్డ మీద, ఒక చూపు బంతి మీద పెట్టి అల్లింది. తెల్లారేసరికి జ్వరం దిగింది. ఇద్దరూ గట్టు ఎక్కారు. ఆట మొదలైంది. అప్పుడు ఉడుముకు ఒక అనుమానం వచ్చింది.

చివరి ముడి బిగించానా, లేదా?

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. లేచి చెబితే ఆట ఆపి బంతి మారుస్తారు. కానీ అందరూ తనవైపు తిరిగి చూస్తారు. 'ఎక్కడి నుంచో వచ్చింది కదా, దానికేం పట్టింది' అంటారు. పైడి వింటుంది. ఉడుము లేవబోయింది, మళ్లీ కూర్చుంది. 'బిగించే ఉంటానులే' అనుకుంది.

ఆట ముగియబోతూ ఉంది. బంతి గోలు వైపు వచ్చింది. అలుగు దాన్ని రెండు చేతులా పట్టుకుంది. గట్టు మీద అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అలుగు బంతిని ముందుకు విసరబోయింది. కానీ దాని పొడవాటి గోరు వదులుగా ఉన్న ముడిలో ఇరుక్కుంది. గట్టిగా లాగింది. ముడి ఊడింది. బంతి ఎగిరి వెనక్కి, సరిగ్గా గోలులో పడింది. బూరుగు దూది గాలిలో తేలింది.

ఆ ఒక్క గోలుతో వాగొడ్డు జట్టు ఓడిపోయింది.

"ఓడిపోయారు! వాళ్లు ఓడిపోయారు!" అని కోతి తల బాదుకుంది. "ఆ అలుగు ముంచేసింది! చేతుల్లో బంతి పెట్టినా పట్టుకోవడం చేతకాదు వాళ్లకు!"

"ఏమైంది నాన్నా?" అని పైడి అడిగింది.

ఏమైందో ఉడుముకు తెలుసు. అయినా తల తిప్పుకుని, "ఏముంది? వాళ్లెప్పుడూ ఇంతే" అంది.

ఆ మాట అన్నాక దాని నాలుక చేదెక్కింది.

మర్నాడు పైడి నీళ్లు తాగడానికి వాగుకు వెళ్లింది. అక్కడ అలుగు గోళ్లు కడుక్కుంటూ కనపడింది.

"సూరమ్మత్తా, నిన్న మీరు ఓడిపోయారు కదా!" అంది పైడి.

అలుగు తలెత్తింది. "ఎవరు ఓడిపోయారు?"

"మీరే. వాళ్లు."

"మరి మొన్న గెలిచింది ఎవరమ్మా?"

"మనం!" అని పైడి ఠక్కున చెప్పింది.

అలుగు గోళ్లు కడుక్కోవడం ఆపేసింది. తల కడుపులోకి పెట్టుకుంది. తోక తల మీదికి చుట్టుకుంది. పొలుసులన్నీ మూసుకుంది. గట్టి కాయలా ముడుచుకుని అక్కడే ఉండిపోయింది.

వార్త అడవంతా పాకింది. "అలుగు అలిగింది! అలుగు అలిగింది!"

పిల్లలకు అది నవ్వులాట. పెద్దవాళ్లకు మాత్రం నవ్వు రాలేదు. ఇంకా ఒక్క ఆటే మిగిలింది. అది మూడో రోజున. ఎదుటిది బండరాళ్ల జట్టు. గెలిస్తే వాగొడ్డు జట్టు మెట్టకు ఎక్కుతుంది. గెలవకపోతే బండరాళ్ల జట్టు ఎక్కుతుంది. గోల్‌కీపర్ లేకపోతే అసలు ఆటే ఆడనివ్వరు.

కుందేలు వచ్చి బతిమాలింది. అడవిపంది తన దుంపల్లో మంచిది తెచ్చి ముందు పెట్టింది. అలుగు కదలలేదు. చివరికి కోతి వచ్చి పొలుసుల మీద టకటకా కొట్టింది.

"ఏమమ్మా సూరమ్మా, లే! మనం మెట్టకు ఎక్కాలి!"

"ఎవరు ఎక్కాలి?" అని లోపలి నుంచి గొంతు వినపడింది.

"మనం!"

"ఓడితే?"

కోతి బుర్ర గోక్కుంది. "ఓడితే అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాం."

అలుగు ఇంకా గట్టిగా బిగుసుకుంది.

ఆ సాయంత్రం పైడి పుట్ట మూలన కూర్చుని ఏడ్చింది. "అందరూ నా మాట వల్లే అత్త అలిగిందంటున్నారు. నేనేం తప్పు అన్నాను నాన్నా? నువ్వు అన్నదే కదా అన్నాను."

ఉడుము బిడ్డను దగ్గరికి లాక్కుంది. బిడ్డకు 'మన' అనే మాట నేర్పాలని ఇన్నాళ్లూ గట్టు మీద ఎండకు ఎండింది. నేర్పింది మాత్రం ఆ మాటను ఎప్పుడు వదిలేయాలో.

తెల్లవారగానే అది చిరిగిన బంతిని నోట కరుచుకుని, పైడిని వెంటబెట్టుకుని వాగు దగ్గరికి వెళ్లింది. అక్కడ జట్టంతా ఉంది. గట్టువాళ్లూ ఉన్నారు. ఉడుము బంతిని అలుగు ముందు పెట్టింది. ఊడిన ముడిని పైకి తిప్పింది.

"సూరమ్మా, నువ్వు ఓడిపోలేదు. మనం ఓడిపోయాం. అందులో నా పాలు నీకన్నా ఎక్కువ. ఈ బంతి నేను అల్లాను. చివరి ముడి నేను బిగించలేదు. ఆట మధ్యలో నాకు అనుమానం వచ్చింది. వచ్చినా లేచి చెప్పలేదు. పైగా 'వాళ్లెప్పుడూ ఇంతే' అన్నాను. నా బిడ్డ నీతో అన్నది నా మాటే. దానిది తప్పు లేదు."

అందరూ బంతి వైపు వంగి చూశారు. కోతి మాత్రం ఎగిరి గంతేసింది.

"చూశారా! నేను ముందే అనుకున్నాను! ఎక్కడి నుంచో వచ్చినదాని చేతికి బంతి ఇస్తే ఇలాగే ఉంటుంది!"

ఇన్నాళ్లూ ఉడుము భయపడింది ఈ మాటకే. పైడి వచ్చి తండ్రి కడుపుకు అతుక్కుపోయింది. ఉడుము కదలలేదు. తల మాత్రం కిందికి దించుకుంది.

అప్పుడు పొలుసుల మధ్య నుంచి ఒక కన్ను తెరుచుకుంది.

"గోరు ఇరుక్కున్నప్పుడే ఆ ముడి చూశాను" అంది అలుగు. "ఎవరు చెబుతారా అని ఎదురుచూశాను. రెండు రోజులు పట్టింది నీకు."

"నాది మొదటి నుంచీ నిదానం సూరమ్మా" అంది ఉడుము.

"రేపటి ఆటకు బంతి వంతు ఎవరిది?"

"నాది!" అని కోతి రొమ్ము విరుచుకుంది.

"కాదు. బూదన్నే అల్లాలి" అంది అలుగు. "ముడి జారిందని ఒప్పుకున్నవాడు ఇంకోసారి జారనివ్వడు. ఒప్పుకోనివాడి ముడి నేను నమ్మను."

అలుగు మెల్లగా విచ్చుకుంది. ఒళ్లు దులుపుకుంది. ముందున్న దుంపను అడవిపందికే తిరిగి ఇచ్చేసి, "నాకు చీమలు చాలు" అంది. అందరూ నవ్వారు.

చివరి ఆట రోజు వచ్చింది. రిఫరీ గుడ్లగూబ. దాని నిజాయతీ గొప్పది, పగటి చూపే అంతంత మాత్రం. బండరాళ్ల జట్టు ఐదుసార్లు గోలు మీదికి దూసుకొచ్చింది. ఐదుసార్లూ అలుగు బంతిని పట్టుకుంది. ఒక్క ముడి కూడా ఊడలేదు. కానీ వాగొడ్డు జట్టుకూ గోలు పడలేదు.

ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా బంతి నెమలికి దొరికింది. ఎదురుగా గోలు ఖాళీగా ఉంది. గట్టంతా లేచి నిలబడింది.

అప్పుడే కొండ వెనక నుంచి గాలి చల్లగా తగిలింది.

"పైడీ, పైకి చూడకు" అంది ఉడుము నీరసంగా.

నెమలి చూసింది. నల్లటి మబ్బు. దాని మెడ నిక్కింది. ఒక కాలు లేచింది. పురి విప్పుకుంది. అడవిలో అంత అందమైన పురిని ఎవరూ చూసి ఉండరు. బంతి మాత్రం దాని కాళ్ల మధ్య నుంచి దొర్లిపోయింది. గుడ్లగూబ ఈల వేసింది. ఆట ముగిసింది, మెట్టకు ఎక్కే చోటు బండరాళ్ల జట్టుకే పోయింది.

"పోయింది! వాళ్లు మళ్లీ ముంచారు! ఇక వాళ్ల మొహం చూడను!" అని కోతి ఉమ్మేసి కొండ ఎక్కిపోయింది. మెట్ట మైదానంలో అప్పుడే గెలిచిన జట్టువాళ్ల గట్టు మీదికి దూకి, "మనం గెలిచాం!" అని అరిచింది. అక్కడివాళ్లు వింతగా చూశారు. "మనమా? నువ్వు ఏ బంతి అల్లావు? ఏ ఓటమికి ఏడ్చావు?" అని కిందికి దింపేశారు. కోతి ఇంకో గట్టుకు వెళ్లింది. అక్కడా అదే జరిగింది. అందుకే ఇప్పటికీ అది కొమ్మ నుంచి కొమ్మకు తిరుగుతూనే ఉంది. కూర్చోవడానికి గట్టు మాత్రం లేదు.

పల్లపు మైదానంలో నెమలి పురి ముడుచుకుని, తల వంచుకుని ఒంటరిగా నిలబడి ఉంది. ఎవరూ దాని దగ్గరికి పోలేదు. పైడి తండ్రి వీపు మీది నుంచి జారి గట్టు దిగింది. మైదానం దాటి నెమలి ముందుకు వెళ్లింది.

"నెమలి మామా, ఈసారి మనకు మబ్బు అడ్డం వచ్చింది" అంది.

నెమలి తలెత్తింది. "మనకా?"

"మనకే."

దూరం నుంచి ఆ మాట విన్న ఉడుము కళ్లు మూసుకుంది. పద్నాలుగు పోయి పదిహేనో ఏడు వచ్చింది. దాని ఒళ్లంతా నొప్పులుగా ఉంది.

అలుగు దాని పక్కకు వచ్చి నిలబడింది. "బూదన్నా, వచ్చే ఏటికి నార కోసుకోవాలి. ముడి వేయడం పైడికీ నేర్పు."

"ఎక్కుతామంటావా సూరమ్మా?"

"అది మబ్బును అడగాలి" అంది అలుగు.

ఉడుము నవ్వింది. కూతుర్ని వీపు మీద ఎక్కించుకుని, మోదుగ చెట్ల వైపు నడిచింది.

నీతి: గెలుపులో 'మనం' అన్నవాళ్లు ఓటమిలోనూ 'మనం' అనాలి. తమ తప్పు ఒప్పుకున్నవాళ్లకే నలుగురిలో చోటు నిలుస్తుంది.